మీ ప్రశ్నలు – మా జవాబులు: సున్నతో మొదలుపెట్టి 53 ఏళ్లకు గెలిచిన పోర్చుగల్

ఐరోపా దేశాల మధ్య ఏటా జరిగే యూరోవిజన్ పాటల పోటీలో పోర్చుగల్ చరిత్ర గురించి వచ్చిన ప్రశ్నలకు ఈసారి జవాబులిస్తున్నాను. ఒకే సంగతిని వేర్వేరుగా అడిగిన ఉత్తరాలు కొన్ని ఉన్నాయి. వాటిని ఒక్క ప్రశ్నగా కలిపేశాను.

ప్రశ్న: పోర్చుగల్ ఈ పోటీలోకి ఎప్పుడు వచ్చింది? మొదటిసారే సున్న పాయింట్లు వచ్చాయంటారు, నిజమేనా? అంత చెడ్డగా పాడారా?

జవాబు: సున్న వచ్చిన మాట నిజం, చెడ్డగా పాడారన్నది మాత్రం నిజం కాదు. 1956లో స్విట్జర్లాండ్‌లోని లుగానోలో ఏడు దేశాలతో మొదలైన ఈ పోటీలోకి పోర్చుగల్ 1964లో అడుగుపెట్టింది. ఆ దేశపు ప్రభుత్వ ప్రసార సంస్థ ఆర్.టి.పి. టీవీ ప్రసారాలు మొదలుపెట్టి అప్పటికి ఏడేళ్లే అయింది. కోపెన్‌హేగన్‌లో ఆంటోనియు కల్వారియు అనే గాయకుడు ‘ఒరసావ్’, అంటే ‘ప్రార్థన’ అనే పాట పాడి ఒక్క పాయింటు కూడా లేకుండా ఇంటికి వచ్చాడు. తొలి ప్రయత్నంలోనే సున్న చుట్టిన మొదటి దేశంగా పోర్చుగల్ పేరు అలా రికార్డుల్లోకి ఎక్కింది.

అయితే ఆ సున్నను ఈనాటి లెక్కతో చూడకూడదు. ఇప్పుడు ఒక్కొక్క దేశం నుంచి జ్యూరీ, ప్రేక్షకులు విడివిడిగా పదేసి పాటలకు పాయింట్లు పంచుతారు. అప్పుడు ప్రతి జ్యూరీ తనకు బాగా నచ్చిన మూడు పాటలకే 5, 3, 1 చొప్పున ఇచ్చేది, నాలుగో స్థానంలో నిలిచిన పాటకు దక్కేది ఏమీ లేదు. అందరికీ కాస్తో కూస్తో నచ్చి, ఎవరికీ మరీ ఎక్కువగా నచ్చని పాట ఆ పద్ధతిలో ఖాళీ చేతులతో మిగిలిపోయేది. ఆ ఏడాది పోటీపడిన 16 దేశాలలో జర్మనీ, స్విట్జర్లాండ్, యుగోస్లావియాలకు కూడా సున్నలే వచ్చాయి.

ఆ రాత్రి మరో సంఘటన జరిగింది. ఫ్రాంకోను, సలజార్‌ను బహిష్కరించండి అని రాసిన బ్యానరు పట్టుకుని ఒక వ్యక్తి వేదిక మీదికి వచ్చేశాడు, వెంటనే అతన్ని లాక్కుపోయారు. ఫ్రాంకో స్పెయిన్ నియంత, సలజార్ పోర్చుగల్ నియంత. జ్యూరీలు ఆ బ్యానరును మనసులో పెట్టుకుని పాయింట్లు వేశాయని నేను అనను. కానీ పోర్చుగల్ గాయకులు ఆ తరువాత పదేళ్లపాటు ఏ పేరు నీడలో పాడవలసి వచ్చిందో ఆ బ్యానరు చెబుతుంది.

ప్రశ్న: యూరోవిజన్‌లో పాడిన పాట ఒకటి సైనిక తిరుగుబాటుకు సంకేతంగా పనిచేసిందని ఎక్కడో చదివాను. నమ్మవచ్చా?

జవాబు: నమ్మవచ్చు. నా దృష్టిలో ఈ పోటీ చరిత్ర మొత్తంలో ఇంతకన్నా గొప్ప కథ లేదు, గెలిచిన పాటలను కూడా కలుపుకునే ఈ మాట అంటున్నాను.

1974 ఏప్రిల్ 6న ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో పోటీ జరిగింది. అక్కడ అబ్బా బృందం స్వీడన్‌ను గెలిపించి ప్రపంచ ప్రసిద్ధి పొందింది. అదే వేదిక మీద పౌలో డి కార్వాల్యో అనే పోర్చుగీసు గాయకుడు ‘ఇ దెపోయిష్ దు అదేవుష్’ పాడాడు. ‘వీడ్కోలు తరువాత’ అని ఆ పేరుకు అర్థం. జోజే నీజా రాసిన ఆ పాటకు జోజే కల్వారియు బాణీ కట్టాడు. విడిపోయిన ప్రేమికుడి వేదనే తప్ప అందులో రాజకీయం ఆనవాలు కూడా కనిపించదు. దానికి వచ్చినవి 3 పాయింట్లు, మరో మూడు దేశాలతో కలిసి చిట్టచివరి స్థానం.

సరిగ్గా 18 రోజుల తరువాత, ఏప్రిల్ 24 రాత్రి, లిస్బన్‌లోని ‘ఎమిసోరిష్ అసోసియాదుష్’ రేడియోలో అనౌన్సర్ సమయం చెప్పాడు. పదకొండుకు ఇంకా అయిదు నిమిషాలుందని, ‘యూరోఫెస్టివల్ 74’ పాటతో పౌలో డి కార్వాల్యో మీతో ఉన్నాడని ప్రకటించి, రికార్డు వేశాడు. వింటున్న మామూలు శ్రోతలకు అది ఈ మధ్యే పోటీలో ఓడిపోయి వచ్చిన పాట. బారకాసులలో రేడియోలకు చెవులు అప్పగించి కూర్చున్న యువ సైనికాధికారులకు మాత్రం సిద్ధం కమ్మన్న ఆదేశం. ఆ రేడియో లిస్బన్ పరిసరాలు దాటి వినిపించేది కాదు కాబట్టి, దేశమంతటా వినపడే రేడియో రెనషెన్సా నుంచి అర్ధరాత్రి దాటాక రెండో సంకేతం వెలువడింది. అది జోజే అఫోన్సు పాడిన ‘గ్రాందొల, విల మొరేనా’. దానితో దళాలు కదిలాయి. తెల్లవారి సాయంత్రానికి, సలజార్ తరువాత గద్దెనెక్కిన మార్సెలు కయిటాను లొంగిపోయాడు. నలభై ఏళ్లకు పైబడి సాగిన నియంతృత్వం ఒక్క రోజులో కూలిపోయింది. జనం సైనికుల తుపాకీ గొట్టాలలో ఎర్రని కార్నేషన్ పూలు గుచ్చడంతో దానికి కార్నేషన్ విప్లవమని పేరు వచ్చింది.

యూరోవిజన్ పాటనే ఎందుకు ఎంచుకున్నారన్న ప్రశ్నకు జవాబు దాని అమాయకత్వంలోనే ఉంది. జోజే అఫోన్సు పాటలు అనేకం సెన్సారు వారి కన్ను పడ్డవి, వాటిలో ఒకటి పదకొండు గంటలకే మోగితే రహస్య పోలీసులకు అనుమానం రావచ్చు. దేశం తరఫున పోటీకి వెళ్లి వచ్చిన ప్రేమగీతం ఏ రేడియోలో ఏ వేళకు మోగినా ఎవరూ తలెత్తి చూడరు. బ్రైటన్‌లో జ్యూరీలు పట్టించుకోని పాట కాబట్టే లిస్బన్‌లో పోలీసులూ పట్టించుకోలేదని చమత్కారంగా అనుకోవచ్చు.

మరుసటి ఏడాది స్టాక్‌హోంకు పోర్చుగల్ పంపిన గాయకుడు దువార్తే మెండిష్ ఆ విప్లవంలో పాల్గొన్న సైనికాధికారి. ఆయన పాట పేరు ‘మద్రుగాద’, అంటే ‘వేకువ’. అది ఏ వేకువో పోర్చుగల్‌లో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. 19 దేశాలలో 16వ స్థానంతో సరిపెట్టుకుంది.

ప్రశ్న: నియంతృత్వం ఉన్న రోజుల్లో ప్రభుత్వం మెచ్చే పాటలనే పంపేవారా?

జవాబు: పూర్తిగా అలా అనలేము. ఏ దేశం నుంచి ఏ పాట వెళ్లాలో ఆ దేశపు ప్రసార సంస్థ నిర్ణయిస్తుంది, పోర్చుగల్‌లో అందుకోసం 1964 నుంచి ‘ఫెస్టివల్ ద కన్సావ్’ అనే ఎంపిక పోటీ నడుస్తోంది. సెన్సారు ఉన్న రోజుల్లో కూడా అక్కడ కవులు సందు దొరికితే చాలు, మాటను దాటించేవారు.

1969 నాటి ‘దిష్‌ఫొల్యాద పుర్తుగేజా’ అందుకు మంచి ఉదాహరణ. పల్లెల్లో అందరూ కూడి మొక్కజొన్న పొత్తులు ఒలిచే పనిని ఆధారం చేసుకుని అరీ దుష్ శాంతుష్ రాసిన పాట అది, పాడినది సిమోన్ డి ఒలివేరా. బిడ్డను కనేవారు ఇష్టపడే కంటారన్న అర్థం వచ్చే చరణం అందులో ఉంది. ఒక స్త్రీ టీవీలో నిలబడి, గొంతెత్తి ఆ మాట పాడడం అప్పటి ఛాందస పోర్చుగల్‌లో పెద్ద దుమారం రేపింది. మాడ్రిడ్‌లో ఆ పాటకు నాలుగే పాయింట్లు వచ్చినా, గాయని రైలులో లిస్బన్ చేరేసరికి స్టేషనులో జనం కిక్కిరిసి స్వాగతం పలికారు. బయటివారు వేసిన మార్కులతో నిమిత్తం లేకుండా సొంత జనం ఒక పాటను నెత్తిన పెట్టుకోవడం పోర్చుగల్ యూరోవిజన్ చరిత్రలో పదేపదే కనిపిస్తుంది.

1967లో వియన్నాలో పాడిన ఎడువార్దు నషిమెంతు సంగతి వేరు. ఆయనది అంగోలా. అప్పటికి ఆరేళ్లుగా అంగోలాలో పోర్చుగీసు పాలనకు వ్యతిరేకంగా స్వాతంత్ర్య యుద్ధం జరుగుతోంది. అటువంటి సమయంలో నల్లజాతి యువకుడు పోర్చుగల్ జెండా కింద పాడడం ప్రభుత్వానికి అక్కరకొచ్చే దృశ్యమన్న విమర్శ అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. కానీ ఆయన పాడిన ‘ఉ వెంతు ముదో’, అంటే ‘గాలి మారింది’, ఆ విమర్శతో పని లేకుండా హాయిగా వినదగిన పాట.

ప్రశ్న: పోర్చుగల్ పోటీకి రాని సంవత్సరాలు ఏవి?

జవాబు: 1970, 2000, 2002, 2013, 2016. మొదటిది అలక. 1969లో నాలుగు దేశాలకు సమానంగా పాయింట్లు వచ్చి, నలుగురినీ విజేతలుగా ప్రకటించడంతో కొన్ని దేశాలు ఓట్ల పద్ధతినే తప్పుబట్టి మరుసటి ఏడాది దూరంగా ఉన్నాయి. 2000లో గైర్హాజరు కావడానికి అంతకుముందు వచ్చిన తక్కువ పాయింట్లు కారణం, అప్పట్లో వెనుకబడిన దేశాలను ఒక ఏడాది పక్కన పెట్టే నియమం ఉండేది. 2013 నాటికి దేశం ఆర్థిక సంక్షోభంలో ఉంది, ప్రసార సంస్థకూ ఖర్చు భారమైంది. 2016 సంగతి తరువాతి జవాబులలో వస్తుంది, ఎందుకంటే ఆ ఏడాది రాకపోవడమే మేలు చేసింది.

ప్రశ్న: మంచి సంగీత సంప్రదాయం ఉన్న దేశం కదా! మరి అర్ధ శతాబ్దం పాటు ఎందుకు గెలవలేకపోయింది? భాష అడ్డమైందా, ఇరుగుపొరుగు మద్దతు లేకపోవడమా?

జవాబు: రెండూ ఉన్నాయి, కానీ వాటినే పూర్తి కారణాలుగా చూపించడం తేలిక దారి.

భాష సంగతి మొదట చూద్దాం. 1966 నుంచి 1972 వరకు, మళ్లీ 1977 నుంచి 1998 వరకు ప్రతి దేశమూ తన సొంత భాషలోనే పాడాలన్న నియమం అమలులో ఉంది. కాబట్టి ఆ కాలంలో ఇజ్రాయిల్, నార్వే, యుగోస్లావియా వంటి చిన్న భాషల దేశాలు గెలిచినప్పుడు పోర్చుగల్‌కు మాత్రం భాషే అడ్డమైందనడం కుదరదు. 1999లో నియమం ఎత్తేశాక చాలా దేశాలు ఇంగ్లిష్‌కు మారిపోయాయి, పోర్చుగల్ అప్పుడప్పుడు నాలుగు ఇంగ్లిష్ మాటలు కలిపిందే కానీ పూర్తిగా మారలేదు. అక్కడి నుంచి భాష కొంత అడ్డమైన మాట వాస్తవమే.

ఇరుగుపొరుగు అంటే పోర్చుగల్‌కు ఉన్న పొరుగు స్పెయిన్ ఒక్కటే. బాల్కన్ దేశాలకో, స్కాండినేవియాకో ఉన్నట్టు చుట్టూ అరడజను బంధువులు లేరు. ఉన్న బలమల్లా పొట్ట చేతపట్టుకుని ఫ్రాన్స్‌కు, స్విట్జర్లాండ్‌కు, లక్సెంబర్గ్‌కు వలస వెళ్లిన లక్షలాది పోర్చుగీసువారు. ఇక్కడ విధి కాస్త ఎకసెక్కమాడింది. పోర్చుగీసు జాతీయులు జనాభాలో దాదాపు ఏడింట ఒక వంతు ఉన్న లక్సెంబర్గ్ 1993 తరువాత పోటీ నుంచి తప్పుకుంది. ప్రేక్షకులు ఫోన్‌లో ఓటువేసే పద్ధతి 1990ల చివర్లో వచ్చింది. లక్సెంబర్గ్ తిరిగి వచ్చింది 2024లో. ఓటు చేతికి వచ్చిన తొలి పాతికేళ్లలో, అది బాగా పనికొచ్చే చోట ఓటే లేకపోయింది.

ఇక నా అభిప్రాయం. పోర్చుగల్ పంపిన పాటలలో మంచివి చాలా ఉన్నా, మూడు నిమిషాలలో పరాయివాడి చెవిలో నిలిచిపోయేవి తక్కువ. ఎనభైలలోనూ, 2000 తరువాతి కొన్నేళ్లలోనూ వాటికి ఒక జబ్బు కూడా పట్టింది: ముందటి ఏడాది గెలిచినవారిని చూసి పాట కట్టడం. అనుకరణ చేరేసరికి ఫ్యాషన్ మారిపోయేది. తనలాగే పాడిన సంవత్సరాలలోనే పోర్చుగల్ కాస్త పైకి వచ్చింది. 1991లో దుల్సె పొంతిష్‌కు 8వ స్థానం, 1994లో సారా తవారిష్‌కు 8వ స్థానం, 1996లో ‘నా హృదయానికి రంగు లేదు’ అనే అర్థం వచ్చే పాటతో లూసియా మోనిజ్‌కు 6వ స్థానం వచ్చాయి. 2017 వరకు ఆ ఆరో స్థానమే దేశానికి అత్యుత్తమం. దాని మరుసటి ఏడాదే డబ్లిన్‌లో మళ్లీ సున్న.

2011ను కూడా ఇక్కడే చెప్పాలి. దేశం అప్పుల ఊబిలో కూరుకుపోయి సహాయ ప్యాకేజీ కోసం చేయి చాస్తున్న ఆ వసంతంలో, 1974 విప్లవకారుల వేషాలు వేసుకుని మెగాఫోన్ పట్టుకు తిరిగే ‘ఓమెన్ష్ ద లూతా’ అనే హాస్య బృందాన్ని ప్రేక్షకులు ఓట్లు గుద్ది మరీ గెలిపించి జర్మనీకి పంపారు. సెమీఫైనల్ దాటలేదు. దాటుతుందని వేసిన ఓట్లు కావవి, ఒళ్లు మండి వేసిన ఓట్లు.

ప్రశ్న: మరి 2017లో ఏం మారింది? అంత నెమ్మదిగా సాగే పాట ఎలా గెలిచింది?

జవాబు: 2016లో పోటీకి వెళ్లకుండా ఆర్.టి.పి. తన ఎంపిక పద్ధతిని తిరగరాసుకుంది. కొత్త పద్ధతిలో ముందుగా స్వరకర్తలను ఆహ్వానించి, పాట ఎవరు పాడాలన్నది వారికే వదిలేసింది. అలా పిలుపు అందుకున్నవారిలో జాజ్ గాయని, గీత రచయిత్రి లూయిజా సోబ్రల్ ఒకరు. ఆమె పాట రాసి, బాణీ కట్టి, పాడడానికి తన తమ్ముడు సల్వడోర్‌ను ఎంచుకుంది. ఆ పాటే ‘అమార్ పెలుష్ దోయిష్’. నీ మనసు వంగకపోతే పోనీ, నా ఒక్క గుండే ఇద్దరి వంతూ ప్రేమించగలదన్న భావం మీద నడిచే పాట అది.

ఆ గుండె మాట సల్వడోర్ విషయంలో కవిత్వం మాత్రమే కాదు. అప్పటికే అతను తీవ్రమైన గుండె జబ్బుతో ఉన్నాడు. కీవ్‌లో ఎక్కువ రోజులు గడపడానికి ఆరోగ్యం సహకరించదు కాబట్టి మొదటి వారం రిహార్సల్స్‌లో అతని బదులు అక్క నిలబడి పాడింది, కెమెరాలనూ దీపాలనూ ఆమెను చూసి సరిచేసుకున్నారు.

మే 13 రాత్రి ఫైనల్‌లో మిగతావారంతా పెద్ద వేదికను వెలుగులతో, నర్తకులతో నింపారు. సల్వడోర్ ఆ వేదిక ఎక్కనే లేదు. జనం మధ్యనున్న చిన్న గుండ్రటి వేదిక మీద, ఒంటికి కాస్త వదులైన నల్లకోటుతో, మైకు ముందు ఒక్కడే నిలబడ్డాడు. గొంతు పెంచవలసిన చోట తగ్గించాడు. చేతి వేళ్లు మాత్రం వయొలిన్ల వెంట తమ ఇష్టం వచ్చినట్టు కదులుతూ ఉన్నాయి. జ్యూరీల నుంచి 382, ప్రేక్షకుల నుంచి 376, మొత్తం 758 పాయింట్లు వచ్చాయి. ఇప్పటికీ ఎవరూ దాటని మొత్తం అది. ప్రశ్నలో అన్నట్టు నెమ్మదితనం అడ్డం కాలేదు సరికదా, నాలుగు గంటల హోరు మధ్య అదొక్కటే చెవికి విశ్రాంతిగా తగిలిందని నా ఊహ. సంగీతం బాణసంచా కాదని, అనుభూతి అని అర్థం వచ్చేలా అతను వేదిక మీద అన్న మాట తోటి పోటీదారులకు కొందరికి కష్టం కలిగించింది. గెలిచిన నిమిషంలో అనవలసిన మాట కాదేమో, అయితే అబద్ధమూ కాదు. తరువాత అక్కను కూడా వేదిక మీదికి పిలిచి, చరణాలు పంచుకుని ఇద్దరూ కలిసి మళ్లీ పాడారు.

పోర్చుగల్ అంటే మూడు ‘ఫ’కారాలని అక్కడ ఒక పాత నానుడి ఉంది: ఫాదు సంగీతం, ఫాతిమా మాత క్షేత్రం, ఫుట్‌బాల్. ఆ రోజు పొద్దున ఫాతిమాలో పోప్ ఫ్రాన్సిస్ ఇద్దరు గొర్రెల కాపరి పిల్లలకు పునీత హోదా ప్రకటించాడు, సాయంత్రం బెన్‌ఫికా క్లబ్బు వరుసగా నాలుగో ఏడాది లీగ్ గెలిచింది, రాత్రికి ఈ పాట గెలిచింది. సల్వడోర్ పాడినది ఫాదు కాదు, జాజ్ పోకడలున్న పాత కాలపు వాల్ట్జ్. అయినా ఆ రాత్రి లిస్బన్‌లో ఎవరూ ఆ తేడా లెక్కపెట్టి ఉండరు. 49వ ప్రయత్నంలో వచ్చిన మొదటి గెలుపు మరి. అదే డిసెంబరులో సల్వడోర్‌కు గుండె మార్పిడి జరిగింది.

ప్రశ్న: గెలిచిన దేశమే మరుసటి ఏడాది ఆతిథ్యం ఇవ్వాలి కదా, పోర్చుగల్ ఎలా నిర్వహించింది? ఇప్పటికీ సొంత భాషలోనే పాడుతున్నారా?

జవాబు: 2018 మేలో లిస్బన్‌లో, టేగస్ నది ఒడ్డున 1998 నాటి ప్రపంచ ప్రదర్శన కోసం కట్టిన మందిరంలో 43 దేశాలతో పోటీ జరిగింది. సముద్రయానాల దేశం కాబట్టి వేదికను ఓడ పక్కటెముకలను గుర్తుచేసేలా కట్టారు, అన్ని చోట్లా కనిపించే భారీ ఎల్ఈడీ తెరలను పక్కన పెట్టారు. కొత్త గుండెతో అయిదు నెలలకే సల్వడోర్ వచ్చి బ్రెజిల్ గాయకుడు కయిటాను వెలోజోతో కలిసి తన పాట పాడాడు. ఆతిథ్యమిచ్చిన పోర్చుగల్ ఫైనల్‌లో 26వ స్థానం, అంటే ఆఖరి స్థానంలో నిలిచింది.

భాష విషయానికి వస్తే, పోర్చుగల్ తరఫున పూర్తిగా ఇంగ్లిష్‌లో సాగిన మొదటి పాట 2021లో కానీ రాలేదు. బ్లాక్ మాంబా బృందం పాడిన ఆ పాటకు 12వ స్థానం వచ్చింది. 2022లో మారో అనే గాయని ‘సౌదాదె’ అన్న మాటను పల్లవిలో నిలిపి, ఇంగ్లిష్‌ను, పోర్చుగీసును కలిపి పాడి 9వ స్థానం తెచ్చింది. దూరమైనదాని కోసం కలిగే తీపి బాధను చెప్పే ఆ మాటను ఇంగ్లిష్‌లో పెట్టే ప్రయత్నం ఆమె చేయలేదు. 2024లో ఇయొలాంద పోర్చుగీసులో పాడి 10వ స్థానంలో నిలిచింది. 2025లో నాపా బృందం బాసెల్‌కు తెచ్చిన ‘దిజ్‌లుకాదు’ కూడా పోర్చుగీసు పాటే. ఆ బృందంవారు మదీరా దీవి పిల్లలు. ప్రధాన భూభాగంలో బతుకుతూ, ఏ ఊళ్లోనూ ఇమడలేక, సముద్రం అవతలి ఇంటినే తలుచుకునే మనిషి పాట అది. 21వ స్థానం వచ్చింది.